తరగతిలో సినిమా వేస్తున్నారా? పిల్లలు ఎవరిలో దూరతారో ముందు చూసుకోండి

మూడేళ్ల కిందట ఎనిమిదో తరగతి పిల్లలకు తాగుడు మీద ఇరవై నిమిషాల లఘుచిత్రం ఒకటి చూపించాను. తాగి ఇల్లు గుల్ల చేసుకున్న మనిషి, ఏడ్చే భార్య, బడి మానేసిన కూతురు, ఒక చిన్న కొడుకు. చివర్లో పశ్చాత్తాపం. బాగానే తీశారు. పిల్లలు కూడా కిక్కురుమనకుండా చూశారు. మర్నాడు మధ్యాహ్న భోజనం దగ్గరికి వెళ్తే, పళ్ళేలు పట్టుకుని లైన్లో నిలబడ్డ మగపిల్లలు ఒకడి తర్వాత ఒకడు తూలుతూ నడుస్తున్నారు. ఆ తాగుబోతు నడకను అచ్చంగా దించేశారు. అతను పెళ్ళాన్ని తిట్టిన తిట్లు కూడా వరసతప్పకుండా వచ్చేశాయి. "ఆవిడ పేరేంట్రా?" అని అడిగితే ఒక్కడూ చెప్పలేదు.

పిల్లల్ని తిట్టి లాభం లేదు. ఆ చిత్రంలో హుషారుగా ఉన్న మనిషి అతనొక్కడే. నవ్వించేది అతను, పాట అతనికి, మిగిలినవాళ్ళందరికీ ఏడుపు. పదమూడేళ్ల కుర్రాడు వీళ్ళలో ఎవరిలో దూరతాడు?

పిల్లవాడు సినిమాను తెర బయట కూర్చుని చూడడు. లోపల ఎవరో ఒకరిలో దూరి, ఆ కళ్ళతో చూస్తాడు. ఆ మనిషికి ఏది న్యాయమో వాడికీ అదే న్యాయం, ఆ మనిషి ఎవరిని లెక్కచేయడో వాడూ లెక్కచేయడు. దీన్ని తాదాత్మ్యం అంటారు. మన అలంకార శాస్త్రంలో భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం, అంటే పాత్ర భావం చూసేవాళ్ళందరి భావం కావడం, కూడా దీనికి దగ్గరదే. పేరు ఏదైనా, సినిమాతో పాఠం చెప్పాలనుకునేవాళ్ళు ముందు తేల్చుకోవలసింది ఇదొక్కటే. ఆ దెబ్బ తిన్నాక నేను అలవాటు చేసుకున్న పద్ధతి కింద రాస్తున్నాను. టీచర్ల కోసం రాస్తున్నా గానీ, ఇంట్లో పిల్లలతో టీవీ చూసే అమ్మానాన్నలకూ, పొదుపు సంఘాల మీటింగుల్లో వీడియోలు వేసేవాళ్ళకూ పనికొస్తుంది.

మొదట, కాగితం పట్టుకుని మీరొక్కరే చూడండి

ఎప్పుడో చూసిన జ్ఞాపకంతో వేసేయకండి. ముందురోజు రాత్రి ఇంట్లో కూర్చుని మళ్ళీ చూడండి. కాగితం మీద నాలుగు గళ్ళు గీసుకోండి. తెర మీద ఎక్కువసేపు ఉన్నది ఎవరు? నవ్వించేది ఎవరు? చెడు కబురు వచ్చినప్పుడు కెమెరా ఎవరి ముఖం మీద ఆగింది? చివరికి ఎవరికి ఏం దక్కింది? నాలుగు గళ్ళలోనూ ఒకే పేరు పడిందంటే మీ క్లాసులో చాలామంది ఆ మనిషిలోనే ఉంటారు. ఆ మనిషి చెప్పేది మీరు చెప్పాలనుకున్నదానికి అడ్డంగా ఉంటే ఆ సినిమా పక్కన పెట్టండి, లేదా నేను తర్వాత చెప్పే సీటు మార్చే పని తప్పకుండా చేయండి.

గడిలో పేరు రాసి ఊరుకోకండి, ఏ సీన్లోనో కూడా రాయండి. ఎందుకంటే ఒక్కోసారి ఒకే పాత్ర మంచీ చెడూ రెండూ నేర్పుతుంది. 1977లో వచ్చిన దానవీరశూరకర్ణ తీసుకోండి. కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడు వేషాలూ ఎన్టీఆరే వేశారు, దర్శకత్వమూ ఆయనదే. భారతంలో దుర్యోధనుడు ఎవరో మనకు తెలియనిది కాదు. కానీ ఆ సినిమాలో కొండవీటి వెంకటకవి రాసిన గుక్కతిప్పుకోనివ్వని డైలాగులు అతనివి, ఆ ఠీవి అతనిది, భార్య భానుమతితో డ్యూయెట్ కూడా అతనికే. స్కూలు వార్షికోత్సవంలో గద భుజాన వేసుకుని వచ్చేవాడు ఎప్పుడూ సుయోధనుడే. ధర్మరాజు వేషం వేస్తానన్నవాణ్ణి నా సర్వీసులో చూడలేదు.

అయితే అస్త్రవిద్యల ప్రదర్శనలో కర్ణుణ్ణి కులం అడిగి తలదించుకునేలా చేసినప్పుడు అడ్డుపడి నిలదీసేదీ ఆ దుర్యోధనుడే. ఆ డైలాగు బట్టీపట్టిన పిల్లవాడు, పుట్టుకను బట్టి మనిషిని కొలవడం తప్పు అనే వాదనను కూడా తెలియకుండానే బట్టీపడుతున్నాడు. మన క్లాసు పుస్తకంలో ఆ మాట ఎంత చప్పగా ఉంటుందో మీకు తెలుసు. సరే, అదే ఠీవి నిండు సభలో ద్రౌపదికి జరిగినదాన్ని కూడా చూసీచూడనట్టు వదిలేసేలా చేస్తుంది. అందుకే మొదటి సీన్ దగ్గర మీరు కదిలించాల్సిన పనిలేదు, రెండోదాని దగ్గర ఆగాలి.

ఇక నాలుగో గడి. చివర్లో చెడ్డవాడికి శిక్ష పడింది కదా, పాఠం అందినట్టే అని మనం అనుకుంటాం. 1965లో అమెరికాలో ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త చిన్నపిల్లలకు ఒక ఫిల్ము చూపించాడు. అందులో ఒక పెద్దమనిషి ప్లాస్టిక్ బొమ్మను చావగొడతాడు. ఆఖరి భాగం మూడు రకాలు: ఒకదానిలో అతనికి మెచ్చుకోలు, ఒకదానిలో చీవాట్లు, ఒకదానిలో ఏమీ లేదు. చీవాట్లు చూసిన పిల్లలు బొమ్మను తక్కువగా కొట్టారు. బాగుంది కదా? ఆ తర్వాత, "అతను చేసినవి చేసి చూపిస్తే బహుమానం ఇస్తాం" అనగానే మూడు గుంపుల పిల్లలూ ఇంచుమించు సమానంగా చేసి చూపించారు. నేర్చుకోవడం అందరూ నేర్చుకున్నారు, శిక్ష చూసినవాళ్ళు బయటపెట్టలేదంతే. మా భోజనం లైన్లో తాగుబోతు నడకకు బహుమానం పక్కవాడి నవ్వు. అది చాలు.

ఊగిసలాడే మనిషిని వెతకండి

మొత్తం పద్ధతిలో నాకు ఎక్కువ పనికొచ్చింది ఇదే. మనం సాధారణంగా మంచివాణ్ణి చూపించి "ఇలా ఉండండి" అంటాం, చెడ్డవాణ్ణి చూపించి "ఇలా ఉండకండి" అంటాం. మంచివాడు మరీ మంచివాడైతే పిల్లలకు బోరు. వాడిలో దూరడానికి సందు ఉండదు.

మెక్సికోలో మిగెల్ సబీదో అనే టీవీ నిర్మాత దీన్ని బాగా పట్టుకున్నాడు. పెద్దలను అక్షరాలు నేర్చుకునే క్లాసులకు రప్పించడం కోసం 1975లో ఒక సీరియల్ తీశాడు. అతని లెక్కలో పాత్రలు మూడు రకాలు. మంచి వైపు ఉన్నవాళ్ళు, చెడు వైపు ఉన్నవాళ్ళు, మధ్యలో అటా ఇటా అని కొట్టుకులాడేవాళ్ళు. చూసేవాడు ఈ మూడోవాడితో కలిసి నడుస్తాడు. వాడు సిగ్గుపడితే తనూ సిగ్గుపడతాడు, వాడు ధైర్యం చేస్తే తనకూ ధైర్యం వస్తుంది. అందుకే ఆ మూడోవాడు మరీ ఎక్కడివాడో కాకుండా చూసేవాడి ఈడువాడు, చూసేవాడి లాంటి ఇంటివాడు అయి ఉండాలి.

ఉగాండాలో జరిగిన ఒక పరిశోధన ఈ మాటకు సాక్ష్యం. కంపాలా మురికివాడలో పెరిగి చదరంగంలో పైకొచ్చిన ఫియోనా ముటేసి కథతో 2016లో క్వీన్ ఆఫ్ కాట్వే అనే సినిమా వచ్చింది. ఎమ్మా రైలీ అనే ఆర్థిక శాస్త్రవేత్త ఆ సినిమాను పరీక్షలకు ముందు కొంతమంది విద్యార్థులకు చూపించి, మిగిలినవాళ్ళకు మామూలు ఫాంటసీ సినిమా చూపించింది. ఫియోనా కథ చూసినవాళ్ళలో లెక్కల్లో తప్పేవాళ్ళు తగ్గారు, అందులోనూ ఆడపిల్లలకు ఎక్కువ ఉపయోగం కనిపించింది. సినిమాలో ఎవరూ లెక్కల పాఠం చెప్పలేదు. "మన వీధి పిల్ల" అనిపించింది, అంతే.

పాత్రను తప్పుగా అంచనా వేస్తే ఏమవుతుందో చెప్పడానికి మన దూరదర్శన్ ఉంది. ఆ మెక్సికో పద్ధతి చూసే 1984లో హమ్ లోగ్ అనే సీరియల్ మొదలుపెట్టారు. అందులో భగవంతి అనే తల్లి పాత్ర ఉంది. అన్నీ భరించి, నోరెత్తకుండా, ఇంటి కోసం అరిగిపోయే మనిషి. ఇలా బతకకూడదు అని చూపించడానికి పెట్టిన పాత్ర అది. ఎపిసోడ్ చివర హిందీ నటుడు అశోక్ కుమార్ వచ్చి వివరంగా మాట్లాడేవారు కూడా. అరవింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ అనే పరిశోధకులు తర్వాత ప్రేక్షకులను అడిగితే, చాలామంది ఆవిడే మాకు ఆదర్శం అన్నారట. ఇల్లాలంటే అలా ఉండాలి అన్నారట. ఎవరి ఇంట్లో ఏది గౌరవమో అదే తెర మీదా కనిపిస్తుంది, చివర్లో ఎవరు ఎంత చెప్పినా.

మళ్ళీ నా తాగుడు సినిమాకు వస్తాను. రెండో ఏడు దాన్నే నాలుగు గళ్ళ కాగితంతో చూశాను. మొదటిసారి నా కంటికి ఆనని సీన్ ఒకటి కనిపించింది. తండ్రి చిన్నకొడుకు చేతిలో డబ్బులు పెట్టి బెల్టు షాపుకు పంపుతాడు. పిల్లవాడు షాపు ముందు నిమిషం పాటు నిలబడతాడు. సీసా తీసుకుంటాడు. తిరిగొస్తాడు. ఒక్క డైలాగు లేదు. ఊగిసలాడే మనిషి అక్కడ ఉన్నాడు, నేనే చూసుకోలేదు.

హీరోను గుమ్మం బయట వదిలి రమ్మనండి

మన పిల్లలు సినిమా కథ చెప్పేటప్పుడు వినండి. పాత్ర పేరు రాదు. "మహేష్ బాబు వచ్చి కొట్టాడు", "అప్పుడు ప్రభాస్ వాళ్ళమ్మ చచ్చిపోద్ది" అంటారు. పాత్రలో దూరడం వేరు, స్టారును మోయడం వేరు. రెండోదానిలో అభిమానం ఉంటుంది, పరువు ఉంటుంది, పక్క బెంచీవాడితో పోటీ ఉంటుంది. అక్కడ మీరు "ఆ అమ్మాయి వద్దంటున్నా వెంటపడటం తప్పు కదా?" అన్నారనుకోండి, వాడికి అది హీరోను తిట్టినట్టు, వాణ్ణి తిట్టినట్టు వినిపిస్తుంది. వాదనకు దిగుతాడు, లేదా ముఖం ముడుచుకుంటాడు. ఇంట్లో నాన్నలు చేసే పొరపాటు ఇదే.

నేను పెట్టిన నియమం చిన్నది. చర్చలో నటుడి పేరు ఎత్తకూడదు, పాత్ర పేరే చెప్పాలి. తప్పినవాడు బోర్డు తుడవాలి. మొదట్లో నవ్వులాటగా ఉంటుంది. పావుగంట గడిచేసరికి "మహేష్" పోయి "వాడు" వస్తాడు, "వాడు అలా చేసుండాల్సింది కాదు సార్" అనే మాట దానంతటదే వస్తుంది. హీరోను తప్పుపట్టమంటే రాని మాట అది.

ఒకవేళ సినిమా వెటకారంగా తీసిందైతే ఇంకొంచెం జాగ్రత్త. 1971లో అమెరికాలో మొదలైన ఒక హాస్య సీరియల్లో ఆర్చీ బంకర్ అనే మూర్ఖుడు నల్లవాళ్ళ మీదా ఆడవాళ్ళ మీదా నోటికొచ్చినట్టు వాగుతుంటాడు. అతన్ని చూసి జనం సిగ్గుపడాలని తీశారు. తీరా 1974లో వచ్చిన పరిశోధనలో తేలిందేమిటంటే, అప్పటికే అలాంటి ద్వేషం ఉన్నవాళ్ళు అతన్ని మెచ్చుకుంటున్నారు. వెటకారం అర్థమయ్యేది ముందే ఒప్పుకున్నవాడికి.

అబద్ధం ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి

ఇది చరిత్ర చెప్పేవాళ్ళకు. సినిమాలో చూసిన విషయం చదివిన విషయం కన్నా గట్టిగా నిలుస్తుంది. సినిమా, పుస్తకం ఒకటే చెబితే అది వరం. వేరువేరుగా చెబితే పిల్లవాడి జవాబు పత్రంలోకి సినిమాయే వస్తుంది, పైగా అది పుస్తకంలోనే చదివానని ఒట్టేస్తాడు. 2009లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆండ్రూ బట్లర్, ఆయన సహచరులు చేసిన ప్రయోగంలో సరిగ్గా ఇదే జరిగింది. అందులో మనకు పనికొచ్చే సంగతి ఇంకోటి ఉంది. "సినిమాల్లో అన్నీ నిజాలు ఉండవు" అని ముందుగా గాలికి చెబితే పెద్దగా ఫలితం లేదు. ఫలానా చోట ఫలానాది తప్పు, అసలు ఇది అని చెబితేనే తప్పులు బాగా తగ్గాయి.

కాబట్టి ఆర్‌ఆర్‌ఆర్ వేస్తే ముందే బోర్డు మీద రాయండి. సినిమాలో రామరాజు బ్రిటిషువాళ్ళ పోలీసు ఆఫీసరు. అసలు అల్లూరి ఏనాడూ పోలీసు ఉద్యోగం చేయలేదు, 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడి చేసి తుపాకులు పట్టుకుపోయాడు. 1924 మే 7న ఆయన్ని చంపారు. కొమరం భీం పోరాడింది నిజాం సర్కారుతో, జోడేఘాట్‌లో 1940లో చనిపోయాడు. ఇద్దరూ కలుసుకున్నట్టు ఆధారం లేదు, ఆ స్నేహం కల్పన అని సినిమా తీసినవాళ్ళే చెప్పారు. ఇంత రాశాక కూడా ఒకరిద్దరు "ఢిల్లీలో బ్రిడ్జి కింద కలుసుకున్నారు" అని రాస్తారు. అది మామూలే. మాయాబజార్ చూసిన మనలో ఎంతమందికి శశిరేఖ వ్యాసభారతంలో లేదని తెలుసు?

సినిమా నడుస్తుంటే మీరు మాట్లాడకండి

కిటికీలకు దుప్పట్లు కట్టండి, స్పీకరు ముందే సరిచూసుకోండి. ఆ తర్వాత మధ్యమధ్యలో ఆపి "చూశారా, ఇక్కడ గమనించండి" అనడం మానేయండి. లీనమైతేనే లోపలికి వెళ్తారు, మీరు ఆపిన ప్రతిసారీ బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుంటారు.

మీరు తెరను చూడక్కర్లేదు, ఎలాగూ చూసేశారు. పక్కకు నిలబడి ముఖాలు చూడండి. ఎక్కడ నవ్వారు, ఎక్కడ ఈల వేశారు, ఎవరు తల దించుకున్నారు. ఒకే ఒక్కచోట ఆపండి, ఊగిసలాడే మనిషి ఏదో ఒకటి తేల్చుకోబోయే ముందు. నేను బెల్టు షాపు దగ్గర ఆపాను. "ఇప్పుడు వాడు ఏం చేస్తాడు?" అని మాత్రం అడిగి, జవాబులు విని, మంచీ చెడూ అనకుండా మళ్ళీ వేశాను. ఆ కాసేపు క్లాసులో ఎవరూ నవ్వలేదు.

చీటీలు

అయిపోగానే "దీనిలో నీతి ఏమిటి?" అని అడిగారో, పని చెడినట్టే. మీకు ఏం కావాలో వాళ్ళకు మొదటి నుంచీ తెలుసు, అదే రాసిచ్చేస్తారు. పేరు రాయక్కర్లేని చిన్న చీటీలు పంచి మూడు ప్రశ్నలు అడగండి. ఎవరి మీద జాలేసింది? ఎక్కడ భయమేసింది? ఆ ఇంట్లో నువ్వు ఉంటే ఎవరివి?

మూడోదే అసలు ప్రశ్న. మా క్లాసులో నలభై చీటీల్లో పదకొండు చిన్నకొడుకుకు పడ్డాయి, తాగుబోతుకు ఐదు. ఒక చీటీలో "అక్క" అని ఉంది, కింద ఏమీ రాయలేదు. ఆ అక్క తెర మీద ఉన్నది మొత్తం రెండు నిమిషాలు. ఎవరు రాశారో చేతిరాతను బట్టి నాకు తెలిసిపోయింది, తెలియనట్టే మిగిలినవాటితో కలిపేశాను.

ఇక్కడ జాగ్రత్త. కొందరు పిల్లలకు ఆ సినిమా కథ కాదు, నిన్న రాత్రి ఇల్లు. అలాంటివాళ్ళను లేపి "నీకెందుకు అలా అనిపించింది, అందరికీ చెప్పు" అనకండి. చెప్పకుండా ఉండే హక్కు ముందే ఇచ్చేయండి. తర్వాత విడిగా, మామూలు కబుర్లలో, దగ్గరికి వస్తే వినండి.

సీటు మార్చండి

చీటీలు చూశాక ఎవరు ఎక్కడ కూర్చున్నారో తెలుస్తుంది. ఇప్పుడు వాళ్ళను లేపి వేరే చోట కూర్చోబెట్టాలి. అదే సీన్ను ఇంకొకరి నోటితో చెప్పమనండి. తాగుబోతులో దూరినవాళ్ళకు బెల్టు షాపు అతని వంతు ఇచ్చాను: రోజూ వచ్చే ఈ పిల్లాణ్ణి చూసి ఏమనుకుంటావు? దుర్యోధనుడి అభిమానులకు భానుమతి వంతు ఇవ్వండి, సభలో జరిగింది విని ఆ రాత్రి ఆవిడ ఏమని ఉంటుంది? వెంటపడే హీరో ఉన్న సినిమా అయితే ఆ అమ్మాయి ఇంటికెళ్ళి వాళ్ళమ్మతో ఏం చెప్పిందో రాయమనండి. పది వాక్యాలు చాలు. మగపిల్లలు మొదట వెకిలిగా మొదలుపెడతారు, నాలుగో వాక్యానికి దారిలో పడతారు. పడకపోతే చదివి వినిపించమనండి, ఆడపిల్లలు దిద్దుతారు. నా దిద్దుబాటు కన్నా అది పదునుగా ఉంటుంది.

రేపు పొద్దున చేయగలిగింది ఒకటి

సబీదో సీరియల్లో పాత్రలు చదువుకోవాలని ఊరికే అనలేదు. ఉచిత పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయో ఆ చోటు కూడా కథలోనే చెప్పారు. మర్నాడు అక్కడికి జనం విరుచుకుపడ్డారు. మనసు కదిలిన వేడిలో వెళ్ళడానికి ఒక చోటు ఉండాలి. మీ స్థాయిలో అది పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు బోర్డు మీద రాయడం కావచ్చు, లైబ్రరీలో అల్లూరి మీద ఉన్న పుస్తకం బయటికి తీసి బల్ల మీద పెట్టడం కావచ్చు. ఒక్కటి చాలు.

పదిహేను రోజుల తర్వాత

ఏ హెచ్చరికా లేకుండా అవే మూడు ప్రశ్నలు మళ్ళీ అడగండి, "నీకు గుర్తున్న సీన్ ఒకటి రాయి" అని నాలుగోది కలపండి. కొత్త చీటీలు పాతవాటి పక్కన పెట్టి చూస్తే ఎవరు ఎటు జరిగారో తెలుస్తుంది. చరిత్ర సినిమా అయితే తప్పులు ఎక్కడ పాతుకున్నాయో కూడా అప్పుడే బయటపడుతుంది, వెంటనే దిద్దేయండి.

తాగుడు సినిమా రెండోసారి చూపించాక కూడా భోజనం లైన్లో ఆ నడక పూర్తిగా పోలేదు, ఒకరిద్దరు నడిచారు. కానీ పదిహేను రోజుల తర్వాత వచ్చిన చీటీల్లో ఒకటి ఇలా ఉంది: "ఆ పిల్లోడు షాపు దాకా వెళ్ళి సీసా కొనకుండా వెనక్కి వచ్చేశాడు." సినిమాలో కొన్నాడు, తీసుకెళ్ళి ఇచ్చాడు కూడా. ఆ చీటీ దిద్దలేదు. మిగిలినవాటితో కలిపి రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పెట్టాను.